పన్నుకొక పొన్ను

రూట్ కెనాల్ చికిత్స ముగిసి, నొప్పి తగ్గగానే ఇక భయం లేదనుకోవడం పరిపాటి. కాని ఆ పన్ను ఎన్నేళ్లు నిలుస్తుందన్న ప్రశ్న అప్పుడే మొదలవుతుంది.

పుదుచ్చేరిలోని గోరిమేడులో జిప్మర్ ఆస్పత్రి ఉన్నది. మహాత్మాగాంధీ పేరిట ప్రభుత్వ దంతవైద్య విద్యాసంస్థ కూడ ఉన్నది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు యానాం అక్కడికి 800 కిలోమీటర్లకు పై దూరం. అంత ప్రయాణం చేసి బాగుచేయించుకొన్న పన్ను, అన్నంలోని ఒక్క రాయికి విరిగితే పడిన శ్రమంతా వృథా.

పైభాగం శిథిలమైన పంటికి వైద్యులు వేరులోని కాలువలో సన్నని కడ్డీని నిలుపుతారు. అదే పోస్టు. దానిపై కట్టే దిమ్మె కోర్. దిమ్మెపై తొడుగు వస్తుంది. ఈ ఆలోచన పాతదే. పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న కాలంలో, 1728లో, ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ తన గ్రంథంలో వేరులో లోహపు కడ్డీ నిలిపి కట్టుడు పన్ను అమర్చే విధానాన్ని వర్ణించాడు.

కడ్డీ పంటికి బలమిస్తుందన్నది చిరకాలపు భ్రమ. గుంజ పందిరిని మోస్తుంది గాని, పాతిన నేలను గట్టిపరచదు. కడ్డీకోసం వేరును అధికంగా తొలిస్తే దాని గోడలు పలచబడతాయి. ఉక్కు కడ్డీ దంతధాతువు కంటె సుమారు పదిరెట్లు బిరుసు. అది తాను వంగక ఒత్తిడిని వేరుపైకి తోస్తుంది. వేరు నిలువునా చీలితే సాధారణంగా పన్ను తీసివేయడమే గతి. 1990 ప్రాంతంలో ఫ్రాన్సులో కార్బన్ పోగుల కడ్డీలు, ఆ తరువాత గాజుపోగుల కడ్డీలు వాడుకలోకి వచ్చాయి. గాజుపోగుల కడ్డీ పంటితోపాటు కొంత వంగుతుంది. అది విఫలమైనప్పుడు తరచు అతుకు ఊడుతుంది. వేరు దక్కితే మళ్లీ అమర్చవచ్చు.

రోకలి కొన చీలకుండ పొన్ను వేస్తారు. పంటికీ అదే సూత్రం. చిగురుకు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగలాలి. తొడుగు దానిని పొన్నువలె బిగించి పట్టాలి. వేరు కొనవద్ద 4, 5 మిల్లీమీటర్ల పూరకాన్ని కదల్చరాదు. కదిల్చితే క్రిములకు దారి ఏర్పడుతుంది. పంటి గోడలు తగినంత మిగిలినచోట అసలు కడ్డీతో పనే లేదు.

కనుక రోగి అడగవలసిన మొదటి ప్రశ్న కడ్డీ ఖరీదును గురించి కాదు, మిగిలిన పన్నును గురించి. రెండవది, తొడుగు ఎప్పుడు వేస్తారన్నది. నొప్పి లేదని దానిని వాయిదా వేసేవారు పంటి ఆయుర్దాయాన్ని తామే తగ్గించుకొంటున్నారు.