సగం సంసారాన్నే లెక్కిస్తున్న బ్యాంకులు

కోల్‌కతా ఉత్తర భాగాన హుగ్లీ ఒడ్డునున్న కుమార్‌తులిలో ఏటా రథయాత్ర నాడు దుర్గామాత విగ్రహపు వెదురు కట్టుకు పూజ చేసి ఆ ఏటి పని ప్రారంభిస్తారు. పూజా కమిటీల బయానాలు ఊపందుకునేదీ ఆ రోజుల్లోనే. చిత్‌పూర్ వీధిలోని జాత్రా కంపెనీలు కొత్త నాటకాలకు బుకింగులు తెరిచేదీ అప్పుడే. విగ్రహాల పనివారికి శరన్నవరాత్రులలోగా, జాత్రా నటులకు పూజల నుంచి వేసవి దాకా చేతినిండా డబ్బు. తక్కిన నెలలు కటకట. 2021 డిసెంబరులో కోల్‌కతా దుర్గాపూజను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చి యునెస్కో గౌరవించింది. ఆ పండుగకు రూపురేఖలు దిద్దే మనిషి గృహరుణం కోసం బ్యాంకు మెట్లెక్కితే మాత్రం మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: నెలకు జీతమెంత?

ఈ చిక్కు విగ్రహాలు మలిచేవారికీ, జాత్రా నటులకూ పరిమితం కాదు. టాలీగంజ్ స్టూడియోలలో రోజుకూలీపై పనిచేసే సాంకేతిక నిపుణులు, కాలేజ్ స్ట్రీట్ ప్రచురణకర్తలకు పుటల లెక్కన అనువాదాలు, ప్రూఫులు చేసిపెట్టేవారు, ఇంట్లో ట్యూషన్లు చెప్పే గృహిణులు అందరూ ఈ కోవలోని వారే. ట్యూషన్ల విషయంలో బెంగాల్‌ది అగ్రస్థానం. ఆ రాష్ట్ర గ్రామీణ ప్రాంతాల బడిపిల్లల్లో 70 శాతానికి పైగా డబ్బు కట్టి ట్యూషన్లకు వెళ్తున్నట్లు 2022 నాటి ‘అసర్’ సర్వే తేల్చింది. వేసవి సెలవుల్లో, పరీక్షలు ముగిసిన నెలల్లో ఆ రాబడికి గండి పడుతుంది. అయినా ఎన్నో ఇళ్లలో భర్త జీతంతో పాటు సంసారం బండిని లాగుతున్నది ఆ ట్యూషన్ల డబ్బే.

ఇక్కడే అసలు పేచీ వస్తున్నది. ఉదాహరణకు భర్తకు నెలకు 36 వేల రూపాయల జీతం, భార్యకు ట్యూషన్ల మీద ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే సగటున నెలకు 20 వేలు వస్తున్నాయని అనుకుందాం. సోనార్‌పూర్ వైపో, బారాసాత్ వైపో 28 లక్షలకు ఒక ఫ్లాటు చూసుకున్నారు. 30 లక్షల లోపు గృహరుణాలలో ఇంటి విలువలో 90 శాతం దాకా అప్పివ్వటానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తున్నాయి. అంటే 25 లక్షల పైచిలుకు. రాబడిలో 40 శాతాన్ని వాయిదాకు కేటాయించవచ్చునని భావిస్తే, 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో భర్త జీతం మీద పుట్టేది 16 లక్షలు మాత్రమే. ఇద్దరి రాబడినీ కలిపితే అది దాదాపు 25 లక్షలవుతుంది. ఈ 9 లక్షల తేడా ఆ దంపతులు ఇల్లు కొనగలరా, లేక మరో పదేళ్లు అద్దె ఇంట్లోనే గడపాలా అన్నది తేల్చివేస్తుంది. పంతం పట్టి కొన్నవారు ఆ లోటును నగలు కుదువపెట్టో, అధిక వడ్డీకి వ్యక్తిగత రుణం తెచ్చో పూడ్చుకుంటారు. ప్రమాదం తగ్గించుకోవాలని బ్యాంకు చేసిన కోత చివరకు ఆ కుటుంబం మీద మరింత ప్రమాదకరమైన అప్పును మోపుతున్నదన్నమాట!

అంతకంటె విడ్డూరం మరొకటుంది. ఇల్లు ఇద్దరి పేరా ఉండాలంటే ఇద్దరూ సహరుణగ్రహీతలుగా సంతకాలు చేయాలని బ్యాంకులు సాధారణంగా పట్టుపడతాయి. ఆ సంతకంతో భార్య అప్పు మొత్తానికి భర్తతో ఉమ్మడిగానూ, విడిగానూ బాధ్యురాలవుతుంది. వాయిదా తప్పితే ఆమె రుణచరిత్రకూ మచ్చ పడుతుంది. ఖాతా మొండిబాకీగా మారితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వచ్చే నోటీసులో ఆమె పేరూ ఉంటుంది. బాకీ వసూలుకు అంతగా అక్కరకు వచ్చే ఇల్లాలి సంపాదన అర్హత లెక్కలో మాత్రం సున్నా. ఆమె పేరు వదిలేస్తే పని సులువవుతుందని సలహా ఇచ్చేవారూ లేకపోలేదు. ఆ సలహా పాటిస్తే దస్తావేజులో భర్త పేరొక్కటే మిగులుతుంది. వివాహ కాలంలో సంపాదించిన ఆస్తి దంపతులిద్దరిదీ అనే సాధారణ సూత్రం, గోవాను మినహాయిస్తే, మన చట్టాలలో లేదు. రేపు కలతలు వచ్చి విడిపోతే, ఇరవయ్యేళ్లు ట్యూషన్లు చెప్పి వాయిదాలకు చేయూతనిచ్చిన స్త్రీ తన వాటాను కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేసుకోవలసిందే.

బ్యాంకుల వాదనను తోసిపుచ్చటం తగదు. అవి అప్పిచ్చేది డిపాజిటర్ల సొమ్ము. గడువు రెండు దశాబ్దాలు. రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూపమనటం అన్యాయమేమీ కాదు. ట్యూషను ఫీజు నోట్ల రూపంలో తీసుకుని, పుస్తకాలలో రాయక, రిటర్ను దాఖలు చేయక, అప్పు అవసరమైన రోజున నెలకు ఇంత వస్తుందని నోటిమాటగా చెబితే ఏ మేనేజరు ఒప్పుకుంటాడు? పన్నుల శాఖకు ఒక అంకె, బ్యాంకుకు మరో అంకె చెప్పే అలవాటు జనంలో పోనంతకాలం తప్పంతా బ్యాంకుల మీదకు నెట్టటం కుదరదు. అయితే రిటర్నులు సక్రమంగా దాఖలు చేసి, ఖాతాలో జమలు చూపినవారికి సైతం సగటు కట్టకుండా, రాబడి తక్కువగా ఉన్న ఏడాదినే ప్రమాణంగా తీసుకోవటం, లేదా ఆ రాబడిని పూర్తిగా పక్కన పెట్టటం ఏ న్యాయం?

రాబడికి రుతువులుంటాయన్న సంగతి ఈ దేశపు బ్యాంకులకు తెలియనిది కాదు. గృహరుణం 90 రోజులు బకాయిపడితే నిరర్థక ఆస్తి అవుతుంది. పంటరుణం విషయంలో స్వల్పకాలిక పంటలకు రెండు పంటకాలాలు గడిచేదాకా ఆ ముద్ర వేయరాదని రిజర్వు బ్యాంకే నిర్దేశించింది. రైతు చేతికి డబ్బు కోతల తరువాతనే వస్తుందని గుర్తించినవారు, విగ్రహాల పనివాడి చేతికి అది దసరా ముందు వస్తుందని గుర్తించలేరా? 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన సూక్ష్మరుణ నిబంధనలలో రిజర్వు బ్యాంకు మరో రెండడుగులు ముందుకు వేసింది. భర్త, భార్య, అవివాహిత సంతానం కలిసిన కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని ఆ ఇంటి మొత్తం రాబడిని లెక్కించాలన్నది. రుణగ్రహీత అవసరాన్నిబట్టి వాయిదాల కాలవ్యవధిలో వెసులుబాటు ఉండాలన్నది. ఏడాదికి 3 లక్షల లోపు రాబడి ఉన్న ఇంటికి, హామీ ఏదీ లేని అప్పుకు వర్తించిన ఈ వివేకం, ఇల్లే తనఖాగా ఉన్న అప్పు దగ్గరకు వచ్చేసరికి ఏమైపోయిందో!

కోల్‌కతాకు ఈ పాఠం కొత్తదీ కాదు. 2001లో అక్కడ సూక్ష్మరుణ సంస్థగా మొదలైన బంధన్ 2015 ఆగస్టులో బ్యాంకుగా అవతరించింది. 2019 అక్టోబరులో గృహ్ ఫైనాన్స్‌ను విలీనం చేసుకుంది. గుజరాత్‌లో 1986లో పుట్టిన ఈ గృహ్, జీతపు చీటీ లేనివారికి ఇంటిరుణాలిచ్చి పేరు తెచ్చుకున్న సంస్థ. దుకాణానికి, ఇంటికి స్వయంగా వెళ్లి రాబడిని అంచనా కట్టే పద్ధతి ఇటువంటి రుణదాతలది. అది ఖర్చుతో కూడిన పని కాబట్టి వడ్డీ కాస్త ఎక్కువే పడుతుంది. పెద్ద బ్యాంకులు ఈ శ్రమకు సిద్ధపడకపోవటం వల్ల, నికరమైన జీతమున్నవారికి చౌక అప్పు, అది లేనివారికి ఖరీదైన అప్పు అన్న విభజన స్థిరపడిపోయింది.

హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో ఈ సమస్య తెలుగువారికీ తెలుసు. గత శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలవారు వలసపోయి టీటాగఢ్ వంటి చోట్ల స్థిరపడ్డారు. మిల్లు గేటు దగ్గర నిలబడి, ఆనాటికి పిలుపు వస్తేనే కూలి దొరికే ‘బదిలీ’ కార్మికుల పద్ధతి ఆ మిల్లులకు పాతదే. ఒకరు పర్మనెంటు, మరొకరు బదిలీ అయిన ఇంట్లో రాబడి సగం నికరం, సగం అదృష్టం.

కేంద్ర ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2015లో ఆరంభమై 2022 మార్చితో ముగిసిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన వడ్డీ రాయితీలో, అల్పాదాయ వర్గాలు కొత్తగా కొనే ఇంటికి స్త్రీ యజమానిగానో సహయజమానిగానో ఉండాలన్న షరతు పెట్టింది. 2024లో ఆమోదించిన రెండో విడత పట్టణ పథకంలో, చిన్న ఇళ్ల రుణాలకు పూచీగా నిలిచే హామీ నిధిని వెయ్యి కోట్ల నుంచి 3 వేల కోట్లకు పెంచుతున్నట్లు ప్రకటించింది. ఎగవేత నష్టంలో కొంత భాగాన్ని ఆ నిధి భరిస్తుంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి గదా! శాఖలో గుమాస్తా ముందున్న ఫారంలో నెల జీతపు గడి ఒక్కటే ఉంటే ఢిల్లీ పూచీ అక్కడి దాకా చేరదు.

ప్రస్తుత నిబంధనలలోనే కొంత మార్గముంది. వ్యక్తుల చలన వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చివేస్తే బ్యాంకులు జరిమానా వేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందువల్ల రాబడి పుష్కలంగా ఉన్న నెలల్లో పెద్దమొత్తం జమచేసి అసలు తగ్గించుకోవచ్చు. 2021 సెప్టెంబరులో ఆచరణలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ విధానం ద్వారా, ఖాతాదారు సమ్మతితో ఆయా బ్యాంకులలోని జమలన్నిటినీ రుణదాత చూడవచ్చు. మూడేళ్ల జమల సగటు తీయటం ఇప్పుడు ఎంతో పని కాదు. ఇక కావలసింది, నెలకు సమానమైన కిస్తీ బదులు పూజల సీజనులో ఎక్కువ, వానాకాలంలో తక్కువ ఉండేలా వాయిదాల పట్టికను రాసుకునే వీలు. ముందే రాసుకున్న పట్టిక ప్రకారం కట్టినవాడు బకాయిదారు కాడు కాబట్టి 90 రోజుల నిబంధన దీనికి అడ్డు రాదు. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ కుమార్‌తులి, చిత్‌పూర్ శాఖలలో రాబోయే రథయాత్ర నుంచే దీనిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టవచ్చు.