ఇంద్రవెల్లి లెక్క తేలలేదు

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో ఎంతమంది చనిపోయారు? సర్కారు చెప్పిన లెక్క 13. పౌరహక్కుల సంఘాలు 60 దాకా ఉంటారన్నాయి. ఉట్నూరు చుట్టుపక్కల గూడేల్లో అడిగితే అంతకన్నా ఎక్కువే చెబుతారు. నాలుగు దశాబ్దాలు దాటినా ఈ మూడు లెక్కలూ కలవలేదు. ఒక ఊరు తన చావులను తానే లెక్కపెట్టుకోలేని స్థితిలో ఇన్నేళ్లు ఉండిపోవడం మామూలు విషయం కాదు.

ఆ రోజు సోమవారం, ఇంద్రవెల్లి అంగడి. గిరిజన రైతుకూలీ సంఘం అదే రోజు సభ పెట్టుకుంది. దున్నుకుంటున్న భూమికి పట్టా కావాలి, షావుకార్ల చేతిలోకి పోయిన భూమి తిరిగి రావాలి, పంటకు గిట్టుబాటు ధర కావాలి. అడిగినవి ఇవే. సభకు అనుమతి లేదన్న కబురు గూడేలకు చేరేసరికే జనం దారి పట్టారు. ఉప్పూ నూనే కొనుక్కోవడానికి వచ్చినవాళ్లెవరు, సభకు వచ్చినవాళ్లెవరు అని ఆ గుంపులో ఎవరు విడదీయగలరు? పోలీసులు కాల్పులు జరిపారు. తూటా గాయాలతో అడవిలోకి పరుగెత్తి, ఇంటికి చేరాక ప్రాణం విడిచినవాళ్లు ఆ 13 మందిలో లేరన్నది అక్కడి గోండు ఆదివాసుల మాట.

తర్వాత మృతుల గుర్తుగా అక్కడ స్తూపం కట్టారు. 1986లో దాన్ని పేల్చేశారు. 1987లో మళ్లీ కట్టారు. కట్టినా చాలా ఏళ్లు దాని దగ్గరికి పోనివ్వలేదు. ఏప్రిల్ 20 వస్తుందంటే 144 సెక్షన్, దారుల మీద పోలీసులు. కొడుకును పోగొట్టుకున్న తల్లి వర్ధంతి నాడు ఒక పువ్వు పెట్టాలన్నా నిషేధాజ్ఞలు దాటాల్సి వచ్చింది. తెలంగాణ వచ్చాక ఆంక్షలు కాస్త సడలాయి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి వచ్చి అక్కడ నివాళి అర్పించారు, స్మృతివనానికి పునాది పడింది. మంచిదే. కానీ స్మృతివనంలో ఎవరి పేర్లుండాలి? చెట్లు నాటడం కన్నా ముందు తేలాల్సింది అదే.

ఈ ప్రశ్న మనసులో ఉండగా ఉక్రెయిన్ రచయిత్రి విక్టోరియా అమెలీనా కథ చదివితే కదిలిపోకుండా ఉండలేం. 2022లో రష్యా దాడి మొదలయ్యాక ఆమె నవలలు పక్కనపెట్టి, యుద్ధ నేరాలకు సాక్ష్యాలు సేకరించే పనిలో చేరింది. ఇజ్యూమ్ దగ్గర కపితోలివ్కా గ్రామంలో వొలొదిమిర్ వకులెంకో అనే రచయితను ఆ ఏడు మార్చిలో రష్యా సైనికులు పట్టుకుపోయి చంపేశారు. పోయేముందు తన డైరీని పెరట్లో చెర్రీ చెట్టు కింద పాతిపెట్టి ఆ సంగతి తండ్రికి చెప్పాడు. సెప్టెంబరులో ఊరు విముక్తమయ్యాక తండ్రి తవ్వితే దొరకలేదు. అప్పుడు అమెలీనా పార పట్టింది. డైరీ బయటపడింది. మరుసటి ఏడు అది పుస్తకంగా వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే, 2023 జూన్ 27న క్రమతోర్స్క్‌లో ఆమె ఉన్న భోజనశాల మీద క్షిపణి పడింది. జూలై 1న చనిపోయింది. ఆమెకు 37 ఏళ్లు. ఆమె రాస్తూ వదిలేసిన పుస్తకాన్ని తోటివాళ్లు ఆ అసంపూర్ణ రూపంలోనే అచ్చువేశారు.

అక్కడ దండెత్తి వచ్చింది పరాయి సైన్యం. ఇక్కడ తుపాకీ మన ప్రభుత్వానిది. రెంటినీ ఒకే గాటన కట్టలేం. అయినా యుద్ధం నడుస్తుండగానే రోజూ ఉదయం 9 గంటలకు పనులాపి మృతులను తలచుకుంటున్న దేశాన్ని చూస్తే, శాంతికాలంలో ఏడాదికొక్కరోజు తలచుకోవడానికి కూడా మన గోండులు ఇన్నేళ్లు పోలీసుల అనుమతి కోసం ఎదురుచూడాల్సి వచ్చిందన్న సంగతి గుండెల్లో ముల్లులా దిగుతుంది.

తెలుగు సాహిత్యం ఊరుకోలేదు. గోండు వీరుడు కొమురం భీం మీద సాహు, అల్లం రాజయ్య కలిసి 'కొమురం భీం' నవల రాశారు. ఇంద్రవెల్లి మీద పాటలు ఊరూరా మోగాయి. అవన్నీ అవసరమైనవే, ప్రేమతో రాసినవే. కానీ వాటిలో చాలా మటుకు మనం తెలుగులో గోండుల గురించి చెప్పినవి. గోండులు మరిచిపోతారని మనం భయపడనక్కర్లేదు. కొమురం భీం మరణించిన తేదీ మీద పుస్తకాలు వాదులాడుకుంటుంటే, జోడేఘాట్‌లో వాళ్లు ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు కూడుతూనే ఉన్నారు. గోండుల వంశగాయకులైన ప్రధానులు కిక్రి వాద్యం మీద తరాల చరిత్ర పాడుతూనే ఉన్నారు. నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు ఇళ్లలో భద్రంగా ఉండి, ఈ శతాబ్దంలో గానీ మన పండితుల కంట పడలేదు. లోపం వాళ్ల జ్ఞాపకంలో లేదు, మన వినికిడిలో ఉంది.

1981లో ఇరవై ఏళ్ల యువకుడికి ఇప్పుడు అరవై దాటాయి. సమయం ఎక్కువ లేదు. కాబట్టి ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు ప్రాంతాల ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ ఈ పత్రిక ఒక పని అప్పగిస్తోంది. ఆ రోజు అంగడికి పోయిన పెద్దలు మీ గూడెంలో ఉంటే పక్కన కూర్చోండి. వాళ్లు గోండిలో చెబితే గోండిలోనే రాయండి, గుంజాల లిపిలోనైనా తెలుగు లిపిలోనైనా సరే. ఎవరు తిరిగి రాలేదు, ఏ ఊరు, వయసెంత, ఎక్కడ ఖననం చేశారు, ఇవి తప్పకుండా అడగండి. చెప్పినవారి అంగీకారం ఉంటేనే మాకు పంపండి. పక్కన తెలుగు అనువాదంతో, చెప్పినమాట చెప్పినట్టే, వచ్చే ఏప్రిల్ సంచిక నుంచి అచ్చువేస్తాం.