మెరుపు వేరు, పదును వేరు

మన ఐటీ జనాలకి ఈ మధ్య కొత్త సరదా ఒకటి పట్టుకుంది. మడత కత్తితో గెడ్డం గీసుకోవడం. దాన్ని నేనేం తప్పు పట్టట్లేదు, నేనూ పదేళ్ళుగా దాంతోనే గీసుకుంటున్నాను. నా గోలంతా అంతకుముందు జరిగే తంతు గురించి. పాత సామాన్ల కొట్లో షెఫీల్డుదో, సోలింజెన్‌దో తుప్పు పట్టిన కత్తి ఒకటి కొంటారు. శనివారం పొద్దున్నే డ్రిల్లు మిషనుకి బఫింగు చక్రం తగిలించి అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. 'ముందు', 'తర్వాత' అని రెండు ఫొటోలు. ఆఫీసు గ్రూపులో శభాష్‌ల వర్షం. ఆ తర్వాత కత్తి డబ్బాలోకి పోతుంది. మూడు నెలలాగి తీస్తే గెడ్డం కాదు కదా, దోసకాయ తొక్క కూడా తెగదు.

దీన్ని 'రిస్టోర్' చెయ్యడం అంటున్నారు. నేనైతే చంపడం అంటాను. ఎందుకో చెప్తా.

ఆ కత్తుల్లో ఎక్కువ శాతం కార్బన్ స్టీలు. దాని గట్టిదనం ఊరికే రాలేదు. ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి, మళ్ళీ సన్నటి వేడి మీద కాస్త మెత్తబరిస్తే వచ్చింది. ఆ రెండో వేడి మహా అయితే 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మిషను చక్రం కింద కాగితమంత పల్చటి అంచు క్షణంలో అది దాటేస్తుంది. అంచు దగ్గర నీలిరంగు తిరిగిందంటే దాదాపు 300 తాకినట్టే. ఇక దాన్ని ఎంత నూరినా పదును నిలవదు. పైకి మాత్రం ధగధగా మెరుస్తుంది!

మాది వాడరేవు. చీరాల పక్కన, సముద్రం ఒడ్డు. 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, అంతకుముందు ప్రకాశం. మా ఊళ్ళో తుప్పు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గేటు గడియల్ని, సైకిలు చైన్లని ఉప్పుగాలి తినేస్తుంది. అలాంటి చోట గెడ్డాలు గీసే ఓ పెద్దాయన దగ్గర వాళ్ళ నాన్న వాడిన కత్తి ఇప్పటికీ ఉంది. చూడ్డానికి అందంగా ఏం ఉండదు, వెన్నంతా నల్లగా మచ్చలు. అంచు మాత్రం ఒక సన్నటి గీత. చేతి మీద పెడితే చర్మం తాకకుండానే వెంట్రుకలు తెగుతాయి.

పోయినేడాది మా టీమ్ కుర్రాడొకడు నాతో ఊరికొచ్చి, తను మెరిపించిన కత్తి ఆయనకి గర్వంగా చూపించాడు. ఆయన వెలుతురుకి పట్టి చూసి, "ఏందబ్బాయ్, గిన్నె తోమినట్టు తోమావే! దీనికి అంచేదీ?" అన్నాడు. "పర్లేదండీ, సైకిలు మీద సాన పట్టేవాళ్ళ దగ్గర పెట్టిస్తాను" అన్నాడు మావాడు. "అయితే ఇంక కొడవలి కింద వాడుకో" అని తిరిగిచ్చేశాడు పెద్దాయన. తిరిగే సానరాయి కొడవళ్ళకి, కత్తిపీటలకి. గెడ్డం కత్తి దానికి తాకించకూడదు.

అసలు పద్ధతి ఏమంత బ్రహ్మవిద్య కాదు. తుప్పుని చేత్తో, నూనె వేసి సన్నటి గరుకు కాగితంతో నిదానంగా తియ్యాలి. అంచు దాకా గుంటలు పడి ఉంటే ఆ కత్తి మీద ఆశ వదులుకోవాలి. రాయి సమతలంగా ఉండాలి. కత్తిని పడుకోబెట్టి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి, అంచు ముందుకి పోయేలా నడపాలి. కోణం గురించి మీరు లెక్కలు వెయ్యక్కర్లేదు, వెన్ను మందమే దాన్ని నిర్ణయిస్తుంది. 1000 నంబరు రాయితో మొదలుపెట్టి 4000, 8000, ఓపికుంటే 12000. బరువు వెయ్యకూడదు. ఇది సరిగ్గా చేస్తే మళ్ళీ కొన్ని నెలల దాకా రాయి అక్కర్లేదు.

రోజూ కావల్సింది తోలు పట్టీ. దాని మీద నడక తిరగబడుతుంది, వెన్ను ముందు, అంచు వెనక. చివర్లో వెన్ను మీద తిప్పాలి, అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది. గీసుకునే ముందు ముప్ఫై నలభై సార్లు. గీసుకున్నాక పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క. మొత్తం కలిపి మూడు నిమిషాలు. మా వాడరేవు గాలిలోనే ఆ పాత కత్తి బతికుందంటే కారణం ఈ మూడు నిమిషాలే.

'అంత మంచి స్టీలుకి రోజూ ఈ సేవ ఎందుకు?' అని అడుగుతారు. 2020లో ఎంఐటీ వాళ్ళు 'సైన్స్' పత్రికలో ఒక పేపరు వేశారు. బ్లేడు స్టీలు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుక వంగి ఒక కోణంలో తగిలినప్పుడు, స్టీలు లోపలి అమరిక అంతటా ఒకేలా లేని చోట అంచు పెచ్చులూడుతోందని చూపించారు. అంటే మీరు ఎంత డబ్బు పోసినా పదును రోజూ కొంచెం పోతుంది. పోయిందాన్ని రోజూ తెచ్చుకోవాలి, అంతే.

ఈ మూడు నిమిషాల బద్ధకం మీదే జిలెట్ కంపెనీ నిలబడింది. 1903లో అమ్మకాలు మొదలెడితే మొదటి ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ తర్వాత కథ మీకు తెలుసు.

పారేసే బ్లేడ్లు మొత్తంగా చెడ్డవనట్లేదు. షాపుల్లో అవే ఉండాలి. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఒకే కత్తి పదిమంది మొహాల మీద నడవడం ఎప్పటికీ సమర్థించలేం. హెచ్ఐవీ ప్రచారం వచ్చాక మన దగ్గర షాపుల్లో సగం బ్లేడు విరిచి పెట్టే కత్తులు మామూలైపోయాయి, మంచిదే. మా పెద్దాయన కూడా గిరాకీకి కొత్త బ్లేడే వేస్తాడు. నాన్న కత్తి తన ఒక్కడి గెడ్డానికే. కానీ ఆ మార్పుతో నూరే విద్య పనికిరాకుండా పోయింది. దాన్నిప్పుడు మనం వేలు పోసి విదేశీ రాళ్ళు కొని, విదేశీ వీడియోలు చూసి, తెల్లవాళ్ళ కళలా నేర్చుకుంటున్నాం.

నాకు మండేది ఇక్కడే. 'చాకలి కొత్త, మంగలి పాత' అని సామెత. క్షవరం చేసే చేతికి ఏళ్ళ తరబడి అలవాటు ఉండాలని దాని అర్థం. సామెతలో ఇచ్చిన ఆ గౌరవాన్ని మనిషికి ఇవ్వలేదు మనం. ఏడాదికోసారి కళ్ళంలో ఇన్ని గింజలు మేరగా కొలిచి, కులం పేరునే తిట్టు చేసుకున్నాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణుల్ని అలా కించపరిచి పిలవకూడదని జీవో ఇవ్వాల్సి వచ్చిందంటే మన సంస్కారం ఏపాటిదో చూడండి. అదే పని గచ్చిబౌలి ఫ్లాటు బాల్కనీలో చేస్తే హాబీ!

ఆఫీసులో మాత్రం మనం వేరేనా? కొత్తగా తిరగరాద్దాం అంటే అందరూ ఎగబడతారు, సపోర్టు ప్రాజెక్టు అంటే మొహం చిట్లిస్తారు. లాంచ్ రోజు కేకు కోసిన వాళ్ళు ఫొటోలో ఉంటారు, అర్ధరాత్రి సర్వరు పడిపోకుండా కాసిన వాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు. ఫొటోలో పడని పని మన లెక్కలో పనే కాదు.

కాబట్టి పాత కత్తి కొనాలనుకునే సోదరులకి నాదొకటే మాట. ముందు తోలు పట్టీ కొనండి. బాగున్న కత్తి ఒకటి తీసుకుని దాన్నే నెల రోజులు నడిపి చూడండి. వీలైతే మీ ఊళ్ళో కత్తి నూరడం వచ్చిన పెద్దాయన దగ్గర కూర్చోండి, 'మీరు' అని పిలవండి, ఆయన టైముకి డబ్బులివ్వండి. రోజూ మూడు నిమిషాలు మావల్ల కాదంటారా, హాయిగా బ్లేడు వాడుకోండి, అందులో సిగ్గేం లేదు. పాత కత్తిని మాత్రం మీ డ్రిల్లు మిషనుకి బలివ్వకండి. తుప్పుతో ఉన్నా సరే, చేతనైన వాళ్ళ చేతిలో పడితే రేపైనా తెగుతుంది.