ప్యాకెట్ మీద ‘క్లే’ అని ఉంటే మన మట్టికి సరిపోతుందా?

ఆర్సీ బగ్గీకి ‘క్లే’ అని రాసి ఉన్న సాఫ్ట్ టైర్లు తెప్పించి, జనగామలో మామయ్య వాళ్ల చెలకలో తిప్పా. రెండు బ్యాటరీలు అయ్యేసరికి వెనక పిన్నులు సగం అరిగిపోయాయి. జీతం పడిన వారంలోనే!

తప్పు టైర్లది కాదు. రివ్యూల్లో చెప్పే క్లే అంటే నీళ్లు చల్లి, గట్టిగా అణిచిన ఇండోర్ ట్రాక్. దుమ్ము తక్కువ కాబట్టి మెత్తటి రబ్బరు నేలను పట్టుకుంటుంది. మన చెలకలో ఇసుక ఎక్కువ, గరుకు కాగితంలా గీకేస్తుంది. మహబూబాబాద్ ఎర్రమట్టి కూడా ఎండాకాలంలో అంతే. భూపాలపల్లి దోస్తు వాళ్ల నల్లరేగడే అసలైన క్లే, కానీ తడిస్తే టైరుకు ముద్దలు కడుతుంది.

అందుకే ప్రో-లైన్ ఎం4 సూపర్ సాఫ్టా, ఎం3 సాఫ్టా అని కొట్టుకునే ముందు పిన్నులు చూడండి. దుమ్ము నేలకు ఎత్తుగా, ఎడంగా ఉండాలి. కాంపౌండ్ ఆ తర్వాతే, అదీ కాస్త గట్టిది.

పాత సెట్ పారేయలేదు. వాన వెలిసిన సాయంత్రాలకు దాచా.