"తలకింత" అంటే తలూపొద్దు, మీటరు దగ్గరికి నడవండి

పోస్టు కొంచెం పొడుగే. కిరాయి గదుల్లో ఉండేవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

పట్నంలో మనోళ్లు గది అడిగితే ఓనర్లు రెండు మాటలు చెప్తారు. కిరాయి ఇంత, కరెంటు తలకింత. మొదటి దాని మీద బేరం ఆడతాం గానీ రెండోదానికి తలూపి వచ్చేస్తాం. ఆ తలూపడమే ఇక ఆపాలని మా అభిప్రాయం. ఎందుకో హనుమకొండలో జరిగింది చెప్తాం.

హాస్టల్ గడువు అయిపోయి గ్రూప్స్‌కు చదువుకుంటున్న మన అన్నలు నలుగురు ఒక ఇంటి మేడ మీద ఉంటున్నారు. కింద ఓనరు వాళ్లు ముగ్గురు. ఇంటికంతా ఒకటే మీటరు. నెలకు గదికి 800 అటూ ఇటూ వచ్చేది. మొన్న మే నెల బిల్లుకు 2,400 కట్టమన్నారు. పైగా "అడవిలోంచి వచ్చినోళ్లు, ఫ్యాన్లు ఆపడం మీకేం తెలుస్తది" అన్నారట. డబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. తలకు 600. అన్నల్లో ఒకాయన వాళ్లమ్మ అదే నెలలో తునికాకు తెంపుతోంది. 50 ఆకుల కట్టకు మూడు రూపాయల లెక్కన 600 అంటే 200 కట్టలు, 10 వేల ఆకులు. ఆయన పరీక్ష వదిలేసి గది ఖాళీ చేసి ఊరికి పోతానన్నాడు.

అప్పుడు హాస్టల్ నుంచి మేము కొందరం పోయాం. గొడవకు కాదు, బిల్లు చూపించమని అడగడానికి. ఇచ్చారు, కాదనలేదు. మొత్తం 4,200. యూనిట్లు 420. అందులో 1,150 రూపాయలు ఏసీడీ.

ఏసీడీ అంటే వాడిన కరెంటు డబ్బులు కావు. వాడకం పెరిగిందని కంపెనీ అదనంగా కట్టించుకునే డిపాజిట్. అది ఆ సర్వీసు నంబరు మీదే ఉంటుంది, దాని వడ్డీ కూడా ఆ బిల్లులోనే కలుస్తుంది. మనం గది వదిలి పోయినా అది ఓనరు ఖాతాలోనే ఉంటుంది. అట్లాంటిది తలల లెక్కన పంచితే అందులో సగానికి పైగా మన నలుగురి మీద పడింది. ఇది అడిగే మనిషి లేక సాగుతున్న వ్యవహారం అంతే.

ఇక 420 యూనిట్ల సంగతి. గదిలో ఉన్నవన్నీ కాగితం మీద రాశాం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, రోజుకు 15 గంటలు, నెలకు 67 యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి రోజుకు గంట, 45. లైట్లు, సెల్ చార్జర్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపితే 14. మొత్తం 126. మరి మిగతాది ఎటు పోయింది?

ముందు మీటరు మీదే అనుమానం వచ్చింది. ఓనరమ్మను అడిగి ఇంట్లో పైనా కిందా అన్నీ ఆపించాం. మీటరు మీద ఎర్ర లైటు మిణుకు మిణుకు ఆగిపోయింది. ఏమీ వాడనప్పుడు కూడా అది కొట్టుకుంటుంటే మీటరులోనో వైరింగులోనో తేడా ఉన్నట్టు. ఇక్కడ ఆ తేడా లేదు. తర్వాత బోరు మోటారు ఒక్కటే వేయించి లెక్కపెట్టాం. నిమిషానికి 53 సార్లు మిణికింది. ఆ మీటరు మీద యూనిట్‌కు 3,200 మిణుకులు అని రాసి ఉంది (మీ మీటరు మీద వేరే అంకె ఉండొచ్చు, చూసుకోండి). అంటే మోటారు గంటకు ఒక యూనిట్ తింటుంది.

అది రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో మేస్త్రీ చెప్పాడు. ఇంటి వెనకాల ఓనరు కొత్తగా రెండు గదులు కడుతున్నాడు. గోడల క్యూరింగుకు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, 25 రోజులు. 100 యూనిట్లు ఆ గోడలే తాగాయి!

100 యూనిట్లే కదా అనుకోవద్దు. తెలంగాణలో నెలకు 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపై 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, అది దాటితే 9.50 పడుతుంది. పైన చేరిన యూనిట్లకే రేటు ఎక్కువ. 420కి 2,880 అయింది. గోడల 100 లేకుంటే 320కి 1,970. అంటే క్యూరింగు ఖర్చు 910. ఆ 910, ఏసీడీ 1,150 తీసేస్తే బిల్లులో మిగిలేది 2,140. వాడకం లెక్కన, 320లో 126 వంతు, గదికి 843 రావాలి. ఫ్యాన్లు ఆపని అడవివాళ్ల లెక్క అది.

అసలు మేడ మీదకు వేరే మీటరు ఉంటే 126 యూనిట్లకు కరెంటు చార్జీ 465 రూపాయలే. మొదటి 100కి 3.40, పైన 26కి 4.80. ఓనరుకూ అందులో లాభమే. ఆయన ఇంటి వాడకం 194. తెల్లకార్డు ఉంటే 200 లోపు గృహజ్యోతిలో సున్నా బిల్లు వచ్చేది. ఒకే మీటరు మీద అందరం కలిసి 200 దాటేసి ఎవరికీ లేకుండా చేసుకుంటున్నాం. ఓనర్లతో కొట్లాడే కన్నా ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే తొందరగా వింటారు.

గృహజ్యోతి కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ కార్డుకు ఒక్కటే మీటరు. మన కార్డులు తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు ఊళ్లలో అమ్మానాన్నల ఇంటి మీటరుకు ఎక్కి ఉన్నాయి. రెండు ఫ్యాన్ల గదిలో చదువుకునే పిల్లలు పూర్తి బిల్లు కట్టాల్సిందే. హాస్టల్ సీటు దొరకని ఎస్టీ విద్యార్థుల గదులకు ఇందులో చోటు ఇవ్వాలని సంఘాలు గట్టిగా అడగాలి. స్కాలర్‌షిప్‌ల మీద ధర్నాలు చేస్తాం గానీ దీని గురించి మాట్లాడినోళ్లను మేము చూడలేదు.

గదిలో దిగే రోజే మీటరు రీడింగు ఫొటో తీసి పెట్టుకోండి. సబ్ మీటరు అడగండి. ప్రతి నెలా బిల్లు కాగితం చూడండి, ముందటి రీడింగు తేదీకి ఇప్పటి తేదీకి ఎన్ని రోజులో లెక్కపెట్టండి. మీటరు మీదే అనుమానం ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మన ఇళ్లలో బిల్లు చదివే మొదటి మనుషులం మనమే కాబట్టి సెలవులకు పోయినప్పుడు ఊళ్లో ఇంటి బిల్లు కూడా ఒకసారి చూడండి.

ఓనరు 910 తీసేయడానికి ఒప్పుకున్నాడు. అడవి మాటకు ఏమీ అనలేదు, మేమూ తిరిగి ఎత్తలేదు. ఏసీడీ సంగతి వచ్చే నెల చూద్దాం అంటున్నాడు. ఊరికి పోతానన్న అన్న గదిలోనే ఉన్నాడు. రీడింగు తీసే రోజు మీటరు దగ్గర ఆయనే నిలబడతాడట.