గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడిగితే ఎలా?



కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. తాతలు, తండ్రులు గనిలోకి దిగిన ఇళ్ల నుంచి ఇవాళ పిల్లలు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్తున్నారు. చెన్నైలో, పుణెలో, ముంబైలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కూడా ఐటీ ఉద్యోగాల్లో ఉన్నారు. అందరూ కోడ్ రాసేవాళ్లు కాదు. సపోర్ట్ డెస్కులో ఫోన్లెత్తేవాళ్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు, కాంట్రాక్టర్ కింద చేరి వేరే కంపెనీ బ్యాడ్జీ వేసుకు తిరిగేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వారికోసమే.

వీరికి జరుగుతున్న అన్యాయం చిన్నదిగా కనిపిస్తుంది. ఫలానా కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించమని టికెట్ వస్తుంది. నాలుగు గంటల్లో ముగించాలని గడువు. తీరా కూర్చుంటే తెర మీద అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఇతనికి ఇవ్వలేదు. గడువు దాటితే మార్కులు పోయేది మాత్రం ఇతనికే. అప్పుడు పక్క సీటు సీనియర్ గొంతు తగ్గించి, "నాది కొట్టేయ్, ఎవరికీ చెప్పకు" అంటాడు. పని అయిపోతుంది. అందరూ సంతోషిస్తారు.

నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఫరో చేసింది ఏమిటి? గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. లెక్క తగ్గితే దెబ్బలు తిన్నది కింది నాయకులు. బాధ్యత అప్పగించి, దాన్ని నెరవేర్చే అధికారం ఇవ్వకపోవడం ఏ కాలంలోనైనా అన్యాయమే.

"సెక్యూరిటీ కోసమండీ, అందరికీ అడ్మిన్ ఇస్తే వైరస్‌లు వస్తాయి" అని మేనేజర్లు అంటారు. సగం నిజమే. ప్రతి ఒక్కరికీ పూర్తి అధికారం ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఉండాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లోనే రాసిపెట్టారు. అంతే అంటే అంతకు మించి వద్దు, అంతకు తక్కువా వద్దు. లినక్స్‌లో సుడో ద్వారా ఒక మనిషికి కొన్ని ఆజ్ఞలు మాత్రమే అనుమతించవచ్చు, వాడినప్పుడల్లా అది నమోదవుతుంది. విండోస్‌లో ల్యాప్స్ అనే సదుపాయం ప్రతి యంత్రానికీ వేర్వేరు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని తరచూ మారుస్తుంది. దారులు ఉన్నాయి. లేనిది ఇవ్వాలన్న మనసు.

పదిమంది ఒకే పాస్‌వర్డ్ వాడే చోట అసలు సెక్యూరిటీ ఎక్కడుంది? సైబర్ ప్రమాదాలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అరువు పాస్‌వర్డ్‌తో నడిచే ఆఫీసులో ఆ లాగ్‌లు అబద్ధం చెబుతాయి. చేసింది ఒకరు, పేరు మరొకరిది.

ఏదైనా చెడినప్పుడు ఆ సీనియర్ "నేనివ్వలేదు" అంటే మీ గతేమిటి? ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్, అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని తప్పుగా చూస్తుంది. అనుమతి ఇవ్వవలసింది యజమాని లేదా ఆ కంప్యూటర్ బాధ్యుడు, పక్క సీటు మిత్రుడు కాదు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. రికార్డులో మీ పేరే లేనప్పుడు దానికి సాక్ష్యం ఏది? కాంట్రాక్ట్ ఉద్యోగిని ముందు బయటకు పంపి, తర్వాత విచారణ చేస్తారని వేరే చెప్పాలా?

కాబట్టి అడగండి. నోటితో కాదు, మెయిల్ రాసి అడగండి. ఏ యంత్రాలకు, ఏ పనులకు, ఎంతకాలానికి కావాలో రాయండి. మీ పేరుతోనే విడి అడ్మిన్ ఖాతా కావాలని, దాన్ని మెయిల్‌కూ రోజువారీ పనికీ వాడనని, చేసిన ప్రతి పనీ లాగ్‌లో నమోదు కావాలని రాయండి. యాక్సెస్ లేక ఆగిన టికెట్ల నంబర్లు జతచేయండి. కాదంటే కారణం రాతలో అడగండి. ఆ టికెట్ల మీద "అనుమతి లేనందున ఆగింది" అని రాసి, అధికారం ఉన్నవారికి పంపండి. అరువు పాస్‌వర్డ్ మాత్రం ముట్టుకోకండి.

యాక్సెస్ దొరికాక అది మీ సొత్తు కాదు. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర నెట్‌వర్క్ చూసే టెర్రీ చైల్డ్స్ పాస్‌వర్డ్‌లను పై అధికారులకు ఇవ్వనని మొండికేశాడు. 2010లో అతనికి 4 ఏళ్ల శిక్ష పడింది. మనం గృహనిర్వాహకులం, యజమానులం కాము. పని మారిన రోజున తాళాలు తిరిగి అప్పగించాలి.

"నోరెత్తితే ఉద్యోగం పోతుంది" అని ఇంట్లో పెద్దలు భయపడతారు. ఆ భయం ఊరికే రాలేదు, తరతరాలు అడగనివ్వని చోట బతికిన అనుభవం అది. అయినా చెబుతున్నాను, అడగకపోతే ఉద్యోగం నిలుస్తుందన్న హామీ ఎవరిచ్చారు? ఒక్కరే అడగడానికి జంకితే, ఒకే డెస్కులో ఉన్న నలుగురూ కలిసి ఒకే మెయిల్ రాయండి. టీమ్ లీడర్లుగా, మేనేజర్లుగా ఎదిగిన మన అన్నలు, అక్కలు కూడా ఇది చదువుతున్నారు కదా! మీ కింద పనిచేసే పిల్లలకు వారి పేరుతో ఖాతాలు ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే వారు అడిగేదాకా ఆగకండి.