కోడిమేతకు పరాధీనత యేల?

గ్రుడ్ల యుత్పత్తిలో ఆంధ్రప్రదేశము దేశమున అగ్రస్థానమున నున్నదని మనవారు తఱచు చెప్పుకొనుచుందురు. నిజమే. 2022-23 సంవత్సరపు కేంద్ర ప్రభుత్వపు లెక్కలలో దేశపు గ్రుడ్లలో ఐదవవంతు ఈ రాష్ట్రమువే, తెలంగాణము మూడవది. గర్వింపదగిన విషయమే. కాని ఆ గ్రుడ్డు పెట్టు కోడి నోటి మేత యెవరి చేతిలో నున్నదో గర్వించువారు విచారించుట లేదు.

కోళ్ళ పెంపకమున నూరు రూపాయలు వ్యయమైనచో అందు అరువది మొదలు డెబ్బది వరకు మేతకే పోవును. మొక్కజొన్నను మన రైతే పండించును. మాంసకృత్తులకు మాత్రము సోయాపిండియే దిక్కు. అది ముఖ్యముగా మధ్యప్రదేశ, మహారాష్ట్రముల నుండి రావలయును. 2021లో ఆ పిండి ధర మండిపోగా పెంపకందార్లు ఢిల్లీకి మొఱ పెట్టుకొనిరి. ఆగస్టు మాసమున కేంద్రము జన్యుమార్పిడి సోయాపిండిని 12 లక్షల టన్నుల వరకు విదేశముల నుండి తెచ్చుకొన ననుమతించినది. ఏ విత్తనమును మన పొలమున నాటుట కనుమతింపలేదో, దాని పిండినే ఓడల మీద తెప్పించుకొంటిమి!

మార్గాంతరము లేకపోలేదు. మన పల్లెలలో చెదలు పట్టిన పెల్లను తెచ్చి కోడిపిల్లల ముందు దులుపు ముసలమ్మల నెఱుగనివా రెవరు? పురుగు కోడికి ప్రకృతి యిచ్చిన మేత. పురుగు తిన్న కోడి మాకేలయని మూతి ముడుచు పట్టణవాసులే, రోజంతయు పెంటకుప్పలు కెలకిన నాటుకోడికి రెట్టింపు ధర యిచ్చి కొనుచున్నారు. ఐరోపా దేశముల కూటమి కోళ్ళకు, పందులకు కీటకపు మేతను 2021లోనే అనుమతించినది. ‘బ్లాక్ సోల్జర్’ అను ఈగ పిల్లపురుగులు కూరగాయల తుక్కును తిని రెండు మూడు వారములలో ఎదుగును. ఎండబెట్టినచో అందు నూటికి నలువది పాళ్ళు మాంసకృత్తులే. పెద్ద ఈగ మన యన్నము మీద వ్రాలు జాతి కాదు. దానికి తిండితో పనియే లేదు.

కాని అంతకంటె దగ్గఱి వస్తువు మనకు కలదు. హిందూపురము, ధర్మవరము ప్రాంతముల పట్టుదారము తీయు ఇండ్లకు పోయి చూడుడు. పచ్చి పట్టుగూళ్ళు నూరు కిలోలైనచో అందు ఎనుబది కిలోల వరకు లోపలి పురుగే. దారము లాగిన పిదప మిగులు ఈ పురుగును ప్యూపా యందురు. ఎండిన ప్యూపాలో సగము మాంసకృత్తులు, నాల్గవవంతు నూనె. నూనె తీసిన పిండి సోయాపిండి కంటెను బలమైనది. నూనె తీయనిచో త్వరగా ముక్కిపోవును, గ్రుడ్డునకు కమరు వాసన పట్టించును. తీసిన నూనె సబ్బులకు పనికివచ్చును. ఇట్టి సొత్తును కుప్పలుగా పోసి, ముక్కు మూసికొని, వచ్చినంతకు వదిలించుకొనుచున్నాము.

ఈ మేత నేడే చౌకయని మేము చెప్పము. ఫ్రాన్సున బ్రహ్మాండమైన పెట్టుబడితో కీటకముల కర్మాగారమును నెలకొల్పిన యొక సంస్థ 2024లో న్యాయస్థానపు రక్షణను కోరవలసివచ్చినది. పురుగునకు ఏది పెట్టినను చెల్లునన్న మాటయు కల్ల. ఈగపురుగు తాను తిన్న చెత్తలోని కాడ్మియము వంటి లోహములను దేహమున కూర్చుకొనును. ఐరోపావారు పెంటను, భోజనశాలల యెంగిలిని దానికి మేపరాదని శాసించిరి. మన పురపాలక సంఘములు ఊరి చెత్తనంతయు పురుగుల పాలు చేసి చేతులు దులుపుకొనదలచినచో ఆ విషము తుదకు పిల్లవాని పళ్ళెములోనికే వచ్చును.

కావున తిరుపతి, రాజేంద్రనగరముల పశువైద్య విశ్వవిద్యాలయములు హిందూపురపు ప్యూపాను, రైతుబజారుల కూరతుక్కుపై పెంచిన పురుగును మన గుడిసెలలోని కోళ్ళకే మేపి పరీక్షించి, ఫలితములను తెలుగున ప్రకటింపవలెను. నూనెతీత యంత్రమును దారము తీయువారి సహకార సంఘములకు ఋణముపై ఇప్పించుట ప్రభుత్వపు విధి. పెద్ద కంపెనీలు ముందుగా వచ్చి ప్యూపాను గంపగుత్తగా కొనివేసినచో, మన పురుగునే సంచులలో కట్టి మనకే యమ్మగలరు. వేయి కోళ్ళ రైతునకు అప్పుడు సోయాపిండికిని దీనికిని భేదమేమి?